రత్తమ్మ వద్దనని బిందె

అడిగినదానికి అడిగినప్పుడే జవాబు చెప్పే అలవాటు అచ్యుతస్వామికి లేదు. అందుకే శిష్యుడు కోదండపాణి ప్రశ్న నాలుగు నెలలుగా ఆశ్రమంలో నలుగుతూనే ఉంది.

“జరిగే ప్రతిదానికీ ముందే ఒక కారణం ఉంటే, ఇక నా ఇష్టం అనేది ఉన్నట్టా, లేనట్టా స్వామీ?”

లేదంటే సాధన దండగనీ, ఇంటికి పోయి లెక్కల మాస్టరుగా చేరతాననీ పాణి పట్టు. ఉందనే అతని నమ్మకం. దానికి రుజువుగా ఎవరేం చెప్పినా తిరగేసి చేసేవాడు. తూర్పు వసారాలో పడుకోమంటే పడమట పక్క వేసేవాడు. మౌనం పాటించే రోజున గొంతెత్తి పద్యాలు పాడేవాడు. పాడి, “చూశారా స్వామీ, నన్నెవరు ఆపగలిగారు?” అని అడిగేవాడు.

ఆ రోజు సంచీ సర్దుకునే వచ్చాడు. “మూడు గంటల బస్సుకు వెళ్లిపోతున్నాను. ఈలోగా జవాబు చెబితే ఉంటాను.”

“చెబుతాలే. అంతవరకు ఎక్కడైనా కూర్చో. వంటింటి వెనక మాత్రం వద్దు,” అన్నారు స్వామి.

పాణి తిన్నగా వంటింటి వెనక్కే వెళ్లి కూర్చున్నాడు. లోపల వంటమనిషి రత్తమ్మ, పాలు పోయడానికి వచ్చిన సూరమ్మతో కబుర్లాడుతోంది.

“పాణిబాబు వచ్చాక నా నడుం నొప్పి పోయిందనుకో. ‘ఎండగా ఉంది, బోరింగు జోలికి పోకు బాబూ’ అంటే చాలు, ఆరు బిందెలు కొట్టి పెడతాడు. నిన్న పులిసిన అట్లపిండి మిగిలిపోయిందా, ‘నీకు పడదు, తినకు’ అన్నాను. ఏడు అట్లు లాగించాడు!”

“మరి ఇవాళ వెళ్లిపోతున్నాడటగా?”

“ఎక్కడికి పోతాడు? నేను ‘వెళ్లిరా బాబూ’ అంటే సరి.”

పాణికి చెవులు భగ్గుమన్నాయి. సంచీ భుజాన వేసుకుని విసవిసా వీధి గుమ్మం దాకా వచ్చాడు. రత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చి, ఎంతో ప్రేమగా, “వెళ్లిరా బాబూ,” అంది.

ఒక కాలు గుమ్మానికి అవతలా, ఒకటి ఇవతలా పెట్టి పాణి ఆగిపోయాడు. ఉండిపోతే రత్తమ్మ అనుకున్నట్టే అవుతుంది. వెళ్లిపోతే రత్తమ్మ చెప్పినట్టే అవుతుంది. బస్సు వచ్చింది, రెండుసార్లు హారను కొట్టింది, దుమ్ము రేపుకుంటూ పోయింది. పాణి కదల్లేదు. ఎవరి మాటనూ పట్టుకోకుండా తనకేం కావాలో వెతుక్కుంటే, ఎంతసేపటికీ అతనికి దాహమొక్కటే దొరికింది.

సంచీ దింపి బోరింగు దగ్గరికి వెళ్లాడు. దోసిట పట్టి కడుపారా తాగాడు. పక్కనే రత్తమ్మ బిందె ఖాళీగా పడి ఉంది. కాసేపు దానివంక చూశాడు. తర్వాత నిండా కొట్టి, తెచ్చి వంటింట్లో పెట్టాడు.

“అయ్యో, ఇవాళ నేను వద్దననేలేదే!” అంది రత్తమ్మ కంగారుగా.

వసారాలోంచి స్వామి నవ్వారు. “వాడు తాగిన నీళ్లకు కారణం దాహం. ఈ బిందెకు కారణమేమిటో నాకూ తెలియడం లేదు రత్తమ్మా. రేపు కూడా నువ్వేమీ అనకుండా ఉండు. చూద్దాం.”