ఎర్రపోగు తాడు

ఉప్పుటేరు ఒడ్డున, ఎప్పటి సంగతో, ఒక రాజ్యం ఉండేదట. ఆ రాజ్యంలో పోలమ్మ అనే ఆవిడ తాళ్లు పేని అమ్ముకునేది.

ఆమె కొబ్బరి పీచును ఆరు నెలలు ఏటి నీళ్లలో నానబెట్టేది. అంతకాలం ఎందుకంటే, అలా నానిన పీచే బరువుకు ఓర్చుకుంటుంది. పేనేటప్పుడు మధ్యలో ఒక ఎర్రపోగు కలిపేది. అది ఆమె గుర్తు. ఆ తరువాత తాడును ఇంటి దూలానికి కట్టి, రెండు చేతులా పట్టుకుని తానే వేలాడేది.

"నన్ను మోసిందే నీకు అమ్ముతాను" అని కొనవచ్చినవాళ్లతో అనేది.

ఎర్రపోగు కనబడితే చాలు, జనం బేరమాడకుండా కొనేవారు.

భద్రయ్య అనే వర్తకుడు ఇది కనిపెట్టాడు. చివికిన పీచులో గడ్డి కలిపి తాళ్లు పేనించాడు. ఎర్రపోగు మాత్రం మరవలేదు. సగం ధరకే అమ్మసాగాడు.

పోలమ్మ అతని అంగడికి వెళ్లింది. "నా గుర్తు నువ్వెందుకు పెట్టావయ్యా?"

"ఎరుపు నీ పుట్టింటివాళ్లు పెట్టిన సారెటమ్మా?" అన్నాడు భద్రయ్య. అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

మొదట తాడు తెగి పొరుగింటి గంగమ్మ చేద బావిలో పడింది. ఆవిడ తెగిన తాడు తెచ్చి పోలమ్మ గుమ్మంలో పడేసింది.

"ఇది నాది కాదు వదినా."

"మా ఇంటాయన ఎక్కడ కొన్నాడో గాని, ఎర్రపోగు ఉందిగా" అంది గంగమ్మ.

తరువాత రేవులో కట్టేసిన ఉప్పు పడవ తాడు తెగి కొట్టుకుపోయింది. ఏడాది కష్టం ఏటిపాలైన పడవవాడు కూడా పోలమ్మనే తిట్టిపోశాడు.

మూడోసారి జరిగింది చెప్పాలంటే నోరు రాదు.

పోలమ్మ తమ్ముడు అప్పలసామి బావుల్లో పూడిక తీసేవాడు. ఒక పెద్దింటివారు తాడు కొని తెచ్చి ఇస్తే నడుముకు కట్టుకున్నాడు.

"ఒకసారి లాగి చూసుకోరా" అన్నాడు తోటివాడు.

అప్పలసామి ఎర్రపోగు చూసి నవ్వాడు. "మా అక్క వేలాడి చూసిన తాడురా ఇది. మళ్లీ నేను లాగి చూశానని తెలిస్తే చెవి మెలిపెడుతుంది."

సగం బావి దిగేసరికి తాడు తెగింది. అప్పలసామి ప్రాణాలతో పైకి రాలేదు.

పోలమ్మ ఆ తెగిన తాడు ముక్క పట్టుకుని రాజుగారి కొలువుకు వెళ్లింది. "ప్రభూ, ఇది భద్రయ్య తాడు. ఆ బావి మీదే నన్నూ అతణ్ణీ ఎవరి తాడుకు వాళ్లను వేలాడమనండి. అంతకన్న నేనేమీ అడగను."

రాజు సరేనన్నాడు. పోలమ్మ తన తాడు పట్టుకుని తమ్ముడు పోయిన బావిలోకి వేలాడింది. కిందికి చూడలేదు. భద్రయ్య తన తాడును ముట్టుకోనేలేదు.

"మహారాజా, నేను అమ్మడానికి చేయించాను గాని వేలాడటానికి కాదు" అన్నాడు.

రాజు అతణ్ణి చెరలో వేయించి, సరుకంతా తగలబెట్టించాడు. న్యాయం పోలమ్మదేనని ఊరంతా ఒప్పుకుంది.

అయినా మరునాడు ఆమె దగ్గరకు ఎవరూ రాలేదు. వారం గడిచాక గంగమ్మ వచ్చింది. ఒక తాడు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేసింది.

"నీ మీద అనుమానం కాదు వదినా. ఆ ఎర్రపోగు చూస్తే అప్పలసామే గుర్తొస్తున్నాడు."

పోలమ్మ ఆ తాడునే దూలానికి కట్టి, పట్టుకుని వేలాడింది. గంగమ్మ తల దించుకుని వెళ్లిపోయింది. పోలమ్మ చేతులు మండేదాకా అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

తాడు తెగలేదు. చూసేవాళ్లే లేరు.

పిల్లలూ, నకిలీ సరుకు అమ్మినవాణ్ణి రాజు పట్టుకోగలడు. దానివల్ల పోయిన ప్రాణాన్నీ, అసలు సరుకు మీద పోయిన నమ్మకాన్నీ ఏ రాజూ తిరిగి తేలేడు.