అచ్చులో మిగిలిన కొసలు

వీరరాఘవమ్మ టీచరుగారికి, ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. చెప్పులేసుకుని "పద" అంటారు. ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకుని, ఇప్పుడు అదే బడిలో తనూ టీచరైన హైమకు ఆ సంగతి తెలుసు. అయినా ఆ శనివారం మధ్యాహ్నం గుమ్మంలోనే నిలబడి గబగబా అంతా చెప్పేసింది.

నాలుగో తరగతి ఈ ఏడే ఇంగ్లీషు మీడియంలోకి మారింది. నాంచారి అనే పిల్ల నిరుడు తెలుగు పుస్తకాలు నమిలి మింగేసేది. ఇప్పుడు పాఠం చేతికిస్తే అక్షరాల మీద వేలు కదులుతుంది గానీ నోరు పెగలదు. సోమవారం ఒక్క పేజీ చదవకపోతే రెండో తరగతిలో కూర్చోబెడతానన్నారు హెడ్మాస్టరుగారు. అలా కూర్చోబెడితే ఆ పిల్ల బడి మానేస్తుందని హైమ భయం. ఆ భయంతోనే క్లాసులో తెలుగు మాటే వినిపించకుండా తను కట్టడి కూడా చేసింది.

"ఇంకా ఏం తీసెయ్యమంటారండీ దాని బుర్రలోంచి?"

"పద," అన్నారు టీచరుగారు.

వెళ్లింది నాంచారి వాళ్లింటికే. మగ్గం మీద బట్ట పూర్తయితే కోసేశారు. నాయనమ్మ తిరుపతమ్మ వెనకవైపు కొత్త పడుగు పోగులు సర్దుతోంటే నాంచారి పక్కన కూర్చుని అందిస్తోంది. టీచరుగారు తీరిగ్గా పీట మీద కూర్చుని ఆవిడతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతుంటే హైమకి కాలు నిలవలేదు. ఎదురుగా అచ్చులోంచి, అంటే పోగుల్ని విడివిడిగా ఉంచే ఆ సన్నపళ్ల చట్రంలోంచి, పాత పడుగు కొసలు జానెడేసి వేలాడుతున్నాయి. చెత్తేననుకుంది. చేతులు ఊరుకోక గుప్పెడు లాగేసింది.

తిరుపతమ్మ అరవలేదు. పోగులు జారకుండా బూడిద అద్దుకున్న వేళ్లు ఆపి, "మా పిల్ల జుట్టు కూడా ఇలాగే పీకుతున్నారా అమ్మా?" అంది.

హైమ మొహం కందిపోయింది. చేసిన తప్పేమిటో తెలియక నాంచారి వైపు చూసింది. ఆ పిల్ల, "ఇక్కడ తెలుగు మాట్లాడొచ్చా టీచర్?" అని అడిగింది.

హైమ తలూపింది. అంతే, మూడు నెలలుగా పెదవి విప్పని పిల్ల ధారగా చెప్పుకుపోయింది. కొత్త పోగు తనంతట తాను అచ్చులో దూరదట. పాత కొసకి కలిపి మెలిపెడితే, ఆ పాతదే దాన్ని చెయ్యిపట్టుకుని దాటిస్తుందట. కొస లేనిచోట మాత్రం ఒక్కో పోగూ కళ్లు చికిలించుకుని కొత్తగా దూర్చాల్సిందేనట.

పొద్దువాలేదాకా ఆ పనే అయింది. తిరుపతమ్మ ఇవతల పాత కొసలకి కొత్త పోగులు జానెడు మేర అతికేసినా, హైమా నాంచారీ కలిసి కొసలు ఊడిన ఆ గుప్పెడు కూడా దూర్చి పూర్తిచెయ్యలేకపోయారు.

వీధిలోకొచ్చాక హైమ ఉండబట్టలేక మళ్లీ అడిగింది, సోమవారం హెడ్మాస్టరుగారికి ఏం చెప్పమంటారని.

టీచరుగారు నడక ఆపలేదు.

"ఆ పిల్లకి ఇంకా కొసలు మిగిలున్నాయని చెప్పు. నువ్వు లాగేసినవి పోను."