గింజల పిలుపు

అనగా అనగా, పాములకు కూడా రాజభోజనం దొరికే ఒక రాజ్యం ఉండేది. దాని పేరు పుట్టలకోట. ఆ వంశపు మూలపురుషుడు పసివాడుగా ఆరుబయట నిద్రపోతుంటే ఒక నాగుపాము పడగ పట్టి, ముఖం మీద ఎండ పడకుండా కాచిందట. నిజమో కాదో ఆ పాముకే తెలియాలి. అప్పటినుంచీ ఆ రాజులు కోటలో పాముల్ని పెంచుతూ వచ్చారు. నాగులుండేవి, జెర్రిపోతులుండేవి. అన్నిటికన్నా పెద్దదైన ఒక కొండచిలువ ఉండేది. అదంటే శేషభూపాల మహారాజుకు ప్రాణం.

పాముకు పాలు పోస్తే పుణ్యం వస్తుందని జనం అనుకుంటారు. పుణ్యం మాటేమో గానీ, పాము కడుపు మాత్రం నిండదు. దానికి కావలసింది ఎలుక. ఆ ఎలుకల్ని పెంచే పని ఓబుళమ్మది.

ఓబుళమ్మకు ముందు ఆ పని ఆమె అత్తగారు చేసేది. పనితో పాటు కొన్ని ఆచారాలు కూడా కోడలికి అప్పగించి పోయింది. ఆకలిగా ఉన్న ఎలుకను పాముకివ్వకూడదు, ఎలుక తిన్న తిండే పాముకు బలం. పాలిచ్చే తల్లిని తియ్యకూడదు. ఎలుకల దగ్గర నుంచి వచ్చాక చేతులు బూడిదతో తోముకోకుండా పాము బుట్ట ముట్టుకోకూడదు, ఎలుక వాసన వేసే చెయ్యి పాము లెక్కలో ఎలుకే. బతికున్న ఎలుకను పాము ముందు వదలకూడదు. ప్రాణభయంతో అది కరిచిందంటే పాము ఒళ్ళు పుండైపోతుంది. అందుకని పెంచిన చేత్తోనే, నొప్పి తెలియకుండా, ఒక్క క్షణంలో పని ముగించి పాముకు అందించాలి. ఇక ఎలుకలకు పేర్లు పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదో అత్తగారు చెప్పలేదు, ఓబుళమ్మా అడగలేదు.

ఎలుకల కొట్టం మట్టిగోడల నిండా కన్నాలే. ఓబుళమ్మ చేట నిండా జొన్నలు పోసుకుని వచ్చి, అంచు మీద గోటితో టకటక తట్టి, "దా దా దా" అని పిలిచేది. కన్నాల్లోంచి ఎలుకలు బిలబిలమంటూ వచ్చేవి. గింజలు పెట్టవలసిన రోజు గింజలు పెట్టేది. పాముకు ఇవ్వవలసిన రోజు కూడా అలాగే పిలిచి, వచ్చినవాటిలో ఒకదాన్ని పట్టి బుట్టలో వేసుకుపోయేది. అత్తగారూ అలాగే చేసేది. సులువైన పద్ధతి కదా.

ఆ కాలంలో జంతువులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడుతూనే ఉన్నాయి, వినేవాళ్ళే కరువయ్యారు.

ఒకనాడు ఒక తల్లి ఎలుక గింజలు తినకుండా ఓబుళమ్మ పాదాల దగ్గరికి వచ్చి కూర్చుంది. దాని చెవి ఒకటి చిరిగి ఉండేది.

"అమ్మా, ఒక మాట అడగొచ్చా?" అంది.

"అడుగు," అంది ఓబుళమ్మ.

"మేం ఎందుకు పెరుగుతున్నామో నాకు తెలుసు. పాముకు ఆకలి ఉంది, నీకు పని ఉంది, మాకు చావుంది. దానికి నేను పేచీ పెట్టను. కానీ నువ్వు చేట తట్టినప్పుడల్లా నా పిల్లలు నన్ను అడుగుతాయి, ఇది గింజల పిలుపా, బుట్ట పిలుపా అని. ఏం చెప్పను? పొట్ట పొమ్మంటుంది, కాళ్ళు వద్దంటాయి. తిన్న గింజ ఒంటికి పట్టడం లేదు. చచ్చేది ఒక్కరోజే అయినా, ప్రతిరోజూ చస్తున్నాం."

ఓబుళమ్మ చేట కింద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

"చంపొద్దనడం లేదమ్మా. చావుకు మాత్రం పిలవొద్దు. ఆ రోజు నువ్వే వచ్చి, నీ వంతు వచ్చిందని చెప్పి, చేత్తో తీసుకో. చేట చప్పుడును గింజలకే ఉంచు."

ఇన్నేళ్ళుగా ఈ ముక్క తనకు తట్టనందుకు ఓబుళమ్మకు సిగ్గేసింది. "అలాగే. తినే అన్నం మీద ఒట్టు," అంది.

ఒట్టు వేసిన దగ్గర నుంచి కొట్టం మారిపోయింది. పాముల వంతు రోజున ఓబుళమ్మ చేట తెచ్చేది కాదు. ఒట్టి చేతులతో వచ్చి, గోడ పక్కన కూర్చుని, ఒక ఎలుకను ఒళ్ళోకి తీసుకుని, "ఈవేళ నీ వంతు వచ్చింది," అని నిజం చెప్పేది. అది వణికేది. వణుకు తగ్గేదాకా వీపు నిమిరేది. తర్వాత మిగతావాటి కంట పడకుండా అవతలికి తీసుకుపోయేది. ఆ రోజుల్లో ఆమెకు అన్నం సయించేది కాదు. కానీ తక్కిన రోజుల్లో చేట తడితే చాలు, ఎలుకలు ఆమె భుజాలదాకా ఎగబాకేవి. కొరికేవి కావు. పుష్టిగా పెరిగాయి. వాటిని తిన్న పాములు కూడా నిగనిగలాడాయి.

ఇలా జరిగిపోతుండగా, పాములశాలకు కొత్త అధికారి వచ్చాడు. పేరు కొండలరాయుడు. పాముల మీద కన్నా పాముల్ని చూడటానికి వచ్చే పెద్దమనుషుల మీద ఆయనకు ధ్యాస ఎక్కువ.

"ఓబుళమ్మా, రేపు కోటకు చుట్టాలొస్తున్నారు. చచ్చిన ఎలుకను పాము మింగితే అందులో చూడ్డానికేముంది? బతికున్నవి పంపు," అన్నాడు.

"ఆచారం కాదయ్యా," అంది ఓబుళమ్మ. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

రెండోసారి అడిగాడు. రెండోసారీ ఆమె కాదంది. ఈసారి నవ్వలేదు. కొట్టానికి వచ్చే జొన్నలు సగానికి సగం తగ్గించాడు. ఓబుళమ్మ తన కంచంలో అన్నం తగ్గించుకుని ఎలుకలకు పెట్టింది.

మూడోసారి అడిగే వేళకు మహారాజు ఊళ్ళో లేడు, పొరుగు రాజు తన చుట్టాలతో వచ్చి దిగాడు. కొండలరాయుడు నలుగురు భటుల్ని వెంటబెట్టుకుని కొట్టానికే వచ్చాడు.

"బతికున్న ఎలుకలు ఇస్తే ఇయ్యి. లేదంటే రేపటినుంచి ఈ పని సంతలో ఎలుకలమ్మేవాడిది. వాడు కుండల్లో కుక్కి పెంచుతాడు. గింజల ఖర్చు కూడా లేదట, ఒకదాన్నొకటి పీక్కు తింటాయట. నీకేది ఇష్టమో నువ్వే చెప్పు," అన్నాడు.

 ఓబుళమ్మకు తన కూడు పోతుందన్న భయం ఉంది, లేదనకూడదు. కానీ అంతకన్నా ఆ కుండల భయమే ఎక్కువ. కొన్ని పోయినా మిగతావి బతుకుతాయి కదా అనుకుంది. "ఈ ఒక్కసారికీ," అంది.

ఈ ఒక్కసారికీ అనే మాట చూడటానికి ఎంత చిన్నదో. కొంపలన్నీ ఆ మాటతోనే కూలతాయి.

కొత్త మనుషుల వాసనకు ఎలుకలన్నీ కన్నాల్లో దూరాయి. భటులు గునపాలు పట్టుకుని గోడలు తవ్వారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. వీళ్ళు గోడంతా తవ్వినా ఆ ఒక్క ఎలుకా దొరకలేదు. అవతల కోటలో చుట్టాలు వచ్చి కూర్చున్నారు. కొండలరాయుడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"నువ్వు పిలిస్తే వస్తాయటగా. పిలువు," అన్నాడు.

ఓబుళమ్మ చేట తీసుకుంది. చేట ఖాళీగా ఉంది. అంచు మీద గోటితో తట్టి, "దా దా దా," అంది.

కన్నంలోంచి పిల్ల ఎలుకల గొంతు వినిపించింది. "అమ్మా, కొత్తవాళ్ళ వాసన. వెళ్ళొద్దు."

చెవి చిరిగిన తల్లి వాటిని మందలించింది. "చేట చప్పుడు వినలేదూ? ఇది గింజల పిలుపు. ఆమె మనతో అబద్ధమాడదు."

ఆ మాట ఓబుళమ్మ విన్నది. అప్పుడైనా చేట కింద పడేసి ఉండవచ్చు. పడెయ్యలేదు. తల్లి ఎలుక ముందు వచ్చింది. దాన్ని చూసి పిల్లలు వచ్చాయి. పిల్లల్ని చూసి ఇరుగుపొరుగు కన్నాలవీ వచ్చాయి. భటులు వలేసి పట్టి బుట్టలో వేశారు. ఆ తల్లికి ఇంకా కళ్ళు తెరవని కూనలు గడ్డిలో ఉన్నాయన్న సంగతి కూడా ఆ తొందరలో ఎవరికీ పట్టలేదు.

బుట్ట సందులోంచి తల్లి ఎలుక తల పైకెత్తింది. దాని చూపులో కోపం లేదు.

"గింజలేవమ్మా?" అని అడిగింది.

ఓబుళమ్మ ఖాళీ చేటను వెనక్కి దాచుకుంది. 

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. పాపం, ఆ రోజు చెలగాటం పిల్లిదీ కాదు, పాముదీ కాదు. మనుషులది. కొండచిలువ కుబుసం విడిచే ముందు రోజులవి. కళ్ళకు పాలపొర కమ్మి దానికి చూపు సరిగా ఆనడం లేదు, ఆకలీ లేదు. అయినా ఎలుకల్ని అది ఉండే గోతిలో కుమ్మరించారు. అవి గోడల వెంట పరుగులు తీస్తుంటే చుట్టాలు చప్పట్లు కొట్టారు. దారి దొరక్క, బెదిరిపోయి, ఎలుకలు పామును కరిచాయి. కళ్ళు కనబడని పాము నొప్పితో మెలికలు తిరిగింది. దాని బరువు కింద పడి ఎలుకలన్నీ నలిగిపోయాయి. ఒక్కదాన్ని కూడా అది తినలేదు. అన్ని చావులూ వృథా అయ్యాయి. పాము ఒంటి నిండా గాయాలయ్యాయి.

మర్నాడు ఓబుళమ్మ చేట నిండా జొన్నలు పోసుకుని కొట్టానికి వచ్చింది. తట్టింది. పిలిచింది. ఒక్కటి కూడా రాలేదు.

గింజలు కన్నాల ముందు కుప్పలు పోసింది. చేతులు జోడించి బతిమాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? కొన్ని ఎలుకలు గోడలు తొలుచుకుని పారిపోయాయి. కొన్ని ఆకలితో కన్నాల్లోనే చచ్చాయి. తల్లులు తమ కూనల్ని తామే తినేశాయి. బెదిరిన తల్లి ఎలుక అలాగే చేస్తుంది. అది క్రూరత్వం కాదు. పిల్లల్ని దాచుకోవడానికి దానికి తెలిసిన చోటు కడుపొక్కటే.

చెవి చిరిగిన తల్లి కూనల్లో ఒకటి మాత్రం గడ్డిలో కొనఊపిరితో దొరికింది. ఓబుళమ్మ మేకపాలలో దూదివత్తి ముంచి దాని నోటికి అందించి బతికించింది. దానికి కళ్ళు వచ్చాయి, బొచ్చు వచ్చింది. జరిగిందేదీ దానికి తెలియదు. చేట చప్పుడు వినబడితే తోకెత్తి పరుగెత్తుకు వచ్చేది. అది వచ్చినప్పుడల్లా ఓబుళమ్మకు కళ్ళనీళ్ళు తిరిగేవి.

కొన్నాళ్ళకు కొండచిలువ గాయాలు మాని దానికి ఆకలి పుట్టింది. పాములశాలలో ఎలుకలు లేవు. మహారాజే స్వయంగా కొట్టానికి వచ్చాడు. వెనకాల కొండలరాయుడు.

"ఒక్కటైనా లేదా?" అని అడిగాడు రాజు.

"ఒకటుంది ప్రభూ," అన్నాడు కొండలరాయుడు. "ఆమె చేట తడితే వస్తుంది."

"పిలువమ్మా," అన్నాడు రాజు.

ఓబుళమ్మ చేటను నేల మీద బోర్లించింది. "ఈ పిలుపు గింజలకే, మహారాజా."

"పోనీ, చేత్తోనే పట్టి ఇవ్వు. అది మీ ఆచారమే కదా?"

"ఆచారమే. కానీ ఒట్టు తప్పిన చేతికి ఆ హక్కు పోయింది. నమ్మి వచ్చినవాటిని ఖాళీ చేటతో పిలిచి పట్టించాను. అవి కరవబట్టే మీ పాముకు పుండ్లు పడ్డాయి. ఈ కొట్టం పాడైంది కూడా అందుకే."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

ఓబుళమ్మ కొండలరాయుడి వంక చూసింది. ఆయన ముఖం పాలిపోయింది. "అడిగింది వీరు ప్రభూ. పిలిచింది నేను," అంది.

రాజుకు సంగతంతా అర్థమైంది. కొండలరాయుడిని గుర్రాలశాలలో లద్దె ఎత్తడానికి పంపాడు. బతికున్న ప్రాణిని పాము ముందు వేసి వినోదం చూసేవాడికి తన రాజ్యంలో చోటు లేదని చాటింపు వేయించాడు. ఎలుకల్ని మళ్ళీ తెప్పిస్తాను, నువ్వే పెంచమని ఓబుళమ్మను అడిగాడు.

"పెంచేవాళ్ళకు ఆచారాలన్నీ నేర్పుతాను. నేను మాత్రం పెంచలేను, మన్నించండి," అని ఆమె దండం పెట్టింది.

ఆ పిల్ల ఎలుకను కొంగులో వేసుకుని, ఖాళీ చేట చంకన పెట్టుకుని ఊరి బయట జొన్నచేలదాకా నడిచింది. గట్టు మీద దింపింది. అది నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఆమె పాదాల దగ్గర కూర్చుని చేట వైపు చూసింది.

"గింజలేవమ్మా?" అని అడిగింది.

అదే మాట. అదే గొంతు. 

"లేవు బిడ్డా. ఇకనుంచి ఎవరు పిలిచినా రాకు. నేను పిలిచినా రాకు," అంది.

అది కదల్లేదు. దానికి ఆ మాట అర్థం కాలేదు, పుట్టినప్పటినుంచీ దానికి తెలిసిందల్లా రావడమే. ఓబుళమ్మ మట్టిబెడ్డ తీసి దాని పక్కన విసిరింది. అది ఉలిక్కిపడింది. ఇంకొకటి విసిరింది. అది ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, జొన్నకాడల్లోకి పారిపోయింది. మళ్ళీ రాలేదు. ఓబుళమ్మ ఖాళీ చేటను ఒళ్ళో పెట్టుకుని ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చింది.

కంచికి పోతూ పోతూ ఈ కథ మనకు విడిచిపెట్టిన మాట ఇది: చంపక తప్పని చేతికైనా క్షమ ఉందేమో గానీ, నమ్మకాన్ని ఎరగా వేసిన చేతికి లేదు.