జీడితోటలో నూకాలు ఇంటర్వ్యూ

సముద్రానికి రెండు కోసుల దూరంలో ఒక జీడితోట ఉండేది. ఆ తోటలోనే పుట్టిన జంతువులకు ఏ చిక్కూ లేదు. బయటినుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఒక కట్టుబాటు ఉంది. మూడు వానాకాలాలు బుద్ధిగా గడపాలి, దరఖాస్తు పెట్టుకోవాలి, ఇంటర్వ్యూలో కూర్చోవాలి. నెగ్గితే తోట పౌరసత్వం, పాకలో చోటు. మూడు జవాబులు తప్పితే ఆ పూటే కంచె దాటి పోవాలి.

నూకాలు అనే బాతు అలా బయటినుంచి వచ్చిందే. అది పుట్టిన మడుగు చుట్టూ వల కట్టి ఎవరో రొయ్యల చెరువు చేసేశారు. వెనక్కి పోదామంటే వెనక్కి అన్న చోటే లేదు.

దాని దరఖాస్తు మూడుసార్లు మాయమైంది. కాగితాలు భద్రం చేసే పని మేకది. "నా కాగితం ఏమైంది మేకక్కా?" అని నూకాలు అడిగినప్పుడల్లా మేక దవడలు ఆడిస్తూ, "పరిశీలనలో ఉందమ్మా" అనేది. మేకకు బురద అంటిన మేత సయించదని నూకాలుకు ఆలస్యంగా తెలిసింది. నాలుగోసారి కాగితాన్ని బురదలో ముంచి ఇచ్చింది. మర్నాడే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

ప్రశ్నలు వేసేది నక్క. ఆ ఉద్యోగం ఇంకెవరికీ వద్దు. తోటపెద్ద గేదెకి రెండో ప్రశ్నకల్లా కునుకు పడుతుంది. గాడిదకి ప్రశ్నంటేనే తలనొప్పి. "మీకెందుకా శ్రమ, నేను చూసుకుంటాగా" అని నక్క తనంతట తానే ముందుకొచ్చింది. అది వచ్చిన దగ్గర్నుంచి ఇంటర్వ్యూలో నెగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. చుక్కలకోడి ఓడిపోయింది, కుందేలు ఓడిపోయింది. "ఇద్దరూ సొంతూళ్లకు వెళ్లిపోయారు పాపం. నేనే కంచెదాకా సాగనంపాను" అని నక్క కళ్లు తుడుచుకుంది.

నూకాలుకు చదువు చెప్పింది ఆ గాడిదే, పేరు పోలయ్య.

"తోటలో జీడిచెట్లెన్ని?" అని అడిగాడు పోలయ్య.

"నూట పన్నెండు."

"నిజమేనా?"

"అదేంటన్నా, నీకు తెలీదా?"

"నేనిక్కడే పుట్టానమ్మా. నాకెందుకు తెలియాలి?"

ఇంటర్వ్యూ రోజున తోటంతా పాకముందు చేరింది. గేదె నెమరువేస్తూ, సగం కళ్లు మూసుకునే నియమం చదివింది. "అడిగిన మాట అర్థం కాకపోతే విడమరిచి చెప్పమనొచ్చు. మూడుసార్లు. చెప్పనని అనే హక్కు అధికారికి లేదు. ఊఁ, కానివ్వండి."

నక్క గొంతు సవరించుకుంది. "చెట్లెన్ని?"

"నూట పన్నెండు బాబుగారూ."

"తప్పు. తెల్లవారుజామున గాలికి ఒకటి పడిపోయింది. నూట పదకొండు. ఈ తోటకు మొదటి పెద్ద ఎవరు?"

"ఎర్ర ఎద్దుగారు."

"తోటలో మొదట ఏ కాలు పెట్టింది?"

"కుడికాలు."

"ముందు కుడికాలా, వెనక కుడికాలా?"

నూకాలు నోరు తెరిచింది, మూసింది. "ముందు... కాలేనండీ, వెనక్కి నడిచి రారు కదా."

"వెనక్కే నడిచొచ్చింది! బండి తోసుకుంటూ వచ్చింది. రెండో తప్పు."

"ఇదెక్కడి ప్రశ్న మామా!" అని వెనకనుంచి పోలయ్య ఓండ్ర పెట్టాడు. గేదె అప్పటికే కునుకు తీస్తోంది.

ఇంకొక్క తప్పుతో కంచె దాటాలి. నూకాలు తల దించుకుని ఓరగా చూస్తే నక్క మీసంలో ఏదో కదిలింది. చిన్న ఈక. నల్లటి ఈకమీద తెల్లచుక్క. సొంతూరు వెళ్లిన కోడి ఈక నక్క మీసంలో ఎందుకుంటుంది?

"ఆఖరి ప్రశ్న," అంది నక్క, పెదవులు నాకుతూ. "ఈ తోటలో ప్రాణమున్నవాళ్లను ఎవరినైనా ఎప్పుడైనా తిన్నావా? అవునా, కాదా?"

కాదంటే తను కాలవలో తిన్న నత్తల మాట నక్క తీస్తుంది. అవునంటే అక్కడితో సరి. ఎటన్నా మూడో తప్పే. నూకాలు గట్టిగా, పాకంతా అదిరేలా క్వాక్‌మంది. గేదె ఉలిక్కిపడి లేచింది.

"నాకు అర్థం కాలేదు బాబుగారూ. తినడమంటే ఏంటో విడమరిచి చెప్పండి."

"తినడం తెలీదా నీకు? నోట్లో వేసుకుని మింగడం."

"అయితే గాలి, నీళ్లు కూడానా? అర్థం కాలేదండీ. రెండోసారి."

"గాలి కాదే! కండ ఉన్నదాన్ని, కొవ్వు ఉన్నదాన్ని, ఈకలున్నదాన్ని!"

"ఈకలు కూడా తింటారా? గొంతుకు అడ్డం పడవూ? అబ్బే, ఇది జరిగే పని కాదు. మీకూ తెలీదేమో బాబుగారూ. తెలీదని ఒప్పేసుకోండి, నవ్వం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నక్క చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ల అనుభవాన్ని ఒక బాతు తీసిపారేస్తుందా?

"నాకు తెలీదా! ఒసే మొద్దూ, ఈకలెవరు తింటారే? ముందు మెడ దగ్గర పట్టాలి, అరవకుండా. పొదలోకి లాక్కెళ్లి ఈకలు ఉమ్మేస్తూ పోవాలి. కాలు మెత్తగా ఉంటుంది, ముందు దాన్ని లాగించాలి. అందరివీ ఒక్కలా ఊడతాయనుకున్నావా? ఆ చుక్కలకోడివైతే ఇప్పటికీ మీసంలో..."

అక్కడ నక్క ఆగింది. తోట కూడా ఆగింది. గేదె నెమరు సైతం ఆగింది.

"కోడి సొంతూరు వెళ్లిందన్నావే?" అంది గేదె.

"అంటే... ఉదాహరణకి చెప్పాను పెద్దమ్మా! పిల్లకి అర్థం కావాలని! అయినా ఇది మాత్రం తక్కువదా? కాలవలో నత్తల్ని తింటోంది, అడగండి!"

"తిన్నాను పెద్దమ్మా," అంది నూకాలు నిజాయితీగా. "నత్తలకు పౌరసత్వం ఉందని ఎవరూ చెప్పలేదు."

గేదె మేక వైపు తిరిగింది. మేక నేల చూపులు చూస్తూ, "వాళ్లూ దరఖాస్తు పెట్టుకున్నారు పెద్దమ్మా. అది కూడా... పరిశీలనలో ఉంది," అని చిన్నగా త్రేన్చింది.

"నువ్వు రేపట్నుంచి కాగితాల జోలికి పోకు," అంది గేదె. "నూకాలూ, నత్తల సంగతి తేలేదాకా తవుడు తిను. ఇకనుంచి నువ్వు మా తోటదానివి. పోలయ్యా, అధికారిగారిని సాగనంపు."

పోలయ్య మారుమాట్లాడకుండా నక్కకు వీపు చూపించాడు. రెండు వెనక కాళ్లూ ఒక్కసారే లేచాయి. నక్క కంచె మీదుగా గాలిలో తేలుతూ వెళ్లి అవతలి ముళ్లడొంకలో కూలబడింది. నూకాలు ప్రమాణం చేయడానికి కుడిరెక్క ఎత్తబోయి రెండూ ఎత్తేసింది. ఎవరూ తప్పు పట్టలేదు.

నక్క కుంటుకుంటూ పోయి పోయి మూడోనాటికి ఒక సరుగుడు తోపు చేరింది. దారికి అడ్డంగా ఒక ముసలి కుక్క పడుకుని ఉంది.

"ఎక్కడినుంచి వస్తున్నావు?" అంది కుక్క.

"జీడితోట నుంచి."

"అక్కడ ఏం చేసేవాడివి?"

"ఇంటర్వ్యూలు..."

"మరి ఎందుకు వదిలేశావు?"

నక్క నోరు తెరిచింది, మూసింది. ఎన్నో ప్రశ్నలు వేసిన నక్కకు ఆ ఒక్కదానికి మాత్రం జవాబు దొరకలేదు. కుక్క లేచి ఒళ్లు విరుచుకునేలోగా అది మళ్లీ దారి పట్టింది.

నీతి: ఎదుటివాణ్ణి ప్రశ్నలతో ముంచాలని చూసేవాడు తన జవాబులోనే మునుగుతాడు.