ఎక్కడి వైరు అక్కడ

ఓబులేసు కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాడు కానీ డిస్‌ప్లే రాలేదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కార్డు మీద చిన్న లైటు కూడా వెలుగుతోంది. మానిటర్ మాత్రం ఒక్కసారి మెరిసి, సిగ్నల్ లేదని చెప్పి, మళ్ళీ నల్లబడిపోతోంది.

ఓబులేసు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. కార్డు ఊడదీసి మళ్ళీ బిగించాడు. టక్కుమని కూర్చునేదాకా నొక్కాడు. దానికి కరెంటు అందించే తీగలు గట్టిగా ఉన్నాయో లేదో చూశాడు. ర్యామ్ తీసి, పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్ఫని ఊది పెట్టాడు. చివరికి విసుగొచ్చి కార్డు పక్కన పెట్టి చూస్తే, పాత కంప్యూటర్ పాతలాగే బొమ్మ చూపించింది. కార్డు పెడితే బొమ్మ పోతోంది, తీస్తే వస్తోంది. ఇంక అనుమానమేముంది, కార్డే చచ్చిపోయిందని తేల్చేశాడు.

ఆ కార్డును ధర్మవరం నుంచి ఎవరిదో మోపెడ్ అడిగి తెచ్చింది దస్తగిరి.

ఇదంతా చిత్రావతి ఒడ్డున ఉన్న నాసరయ్య తాత మఠంలో. మఠమంటే పెద్దదేమీ కాదు, రేకుల కప్పు, వేపచెట్టు, పాడుకోవడానికి ఒక అరుగు. చిన్నప్పుడు అమ్మవారు పోసి తాతకు రెండు కళ్ళూ పోయాయి. పాటలు మాత్రం వేలకొద్దీ ఆయన గొంతులో ఉన్నాయి. చుట్టుపక్కల తత్వాలు పాడే ముసలివాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళు పాడేదంతా వీడియో తీసి భద్రం చేసే పని ఓబులేసుది. ఆ వీడియోలు మోయలేక కంప్యూటర్ ఆయాసపడుతోందనే ఒక భక్తుడు ఈ కార్డు ఇప్పించాడు.

ఓబులేసు సర్దడంలో ఘనుడు. ఆ మఠంలో చెప్పులు కూడా వరస తప్పి ఉండవు. కంప్యూటర్ వెనక ఒక్కొక్క వైరుకూ ఒక్కొక్క రంగు దారం కట్టాడు, అది దూరే రంధ్రం పక్కన అదే రంగు చుక్క పెట్టాడు. ఎన్నిసార్లు ఊడదీసినా మళ్ళీ పొరపాటు జరగదు. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, "ఎక్కడి వైరు అక్కడ" అని మీసం మీద చెయ్యేసుకునేవాడు. నిజం చెప్పాలంటే మెచ్చుకోకపోయినా అనేవాడు.

దస్తగిరి అతనికంటే పెద్దవాడు. ఓబులేసు రోజూ "అన్నా" అని పిలిచే మనిషి. ఆ రోజు మాత్రం అరుగు మీద నలుగురూ కూర్చుని పాడుతూ ఉండగా ఓబులేసు గదిలోంచి కార్డు పట్టుకుని బయటికొచ్చాడు.

"దీన్ని యాడన్నా కింద పడేసినావా?"

దస్తగిరి అబద్ధం చెప్పేవాడైతే గొడవే లేదు. "మోరీ దగ్గర కంకర్లో బండి జారింది. పెట్టె మాత్రం గుండెకు ఆనించి పట్టుకున్నా. దానికి దెబ్బ తగల్లా," అని గీరుకుపోయిన మోచెయ్యి చూపించాడు.

"అయితే నువ్వు పడినట్టే గదా! చెప్పకుండా తెచ్చి నా చేతిలో పెడతావా? రేయ్, నీవల్ల తాతకొచ్చిన వస్తువు మట్టిపాలయింది."

'రేయ్' అన్న మాట విని అరుగు మీది పాట ఆగిపోయింది. దస్తగిరి లేచాడు. లోపలికి పోయి, తన మేకుకు వేలాడుతున్న సంచి తీసుకుని, తాతకు దణ్ణం పెట్టి, బస్సు ఆగే చోటికి నడిచిపోయాడు. తాత ఆపలేదు.

ఓబులేసు లోపలికొచ్చి కార్డును మళ్ళీ బిగించాడు. వైర్లన్నీ దారాలు చూసుకుంటూ తగిలించాడు. స్విచ్ వేశాడు. మళ్ళీ నలుపే. చేతులు కట్టుకుని దాని ముందు కూర్చుండిపోయాడు. దస్తగిరి వెళ్ళిపోయిన మాట ముల్లులా గుచ్చుకుంటోంది కానీ, తను అన్నదాంట్లో తప్పేముంది?

తాత గోడ తడుముకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు కంప్యూటర్ దగ్గర కూర్చోవడం ఆయనకు అలవాటు. తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి అందులో ఉంది. దాన్ని పెట్టి, ఆయనకు మీటలు నేర్పింది దస్తగిరే.

"ఖాళీగా ఉండాదా నాయనా?"

"ఖాళీగానే ఉంది తాతా. కానీ ఏం లాభం? డిస్‌ప్లే రాలా. కార్డు పోయింది."

"అట్లనా. కొంచెం జరుగు."

ఓబులేసు జరిగాడు. తాత కుర్చీలో కుదురుగా కూర్చుని, గోడ మేకుకు ఉన్న హెడ్‌ఫోన్స్ అందుకుని చెవులకు పెట్టుకున్నాడు. మీటల మీద వేళ్ళు ఆనించాడు. ఒకటి నొక్కాడు, ఆగాడు. ఇంకొకటి నొక్కాడు. కాసేపటికి తల ఊపడం మొదలుపెట్టాడు. మధ్యలో చిన్నగా నవ్వాడు కూడా.

పాపం, తెర నల్లగా ఉందని ఆయనకు తెలియదు కదా అని ఓబులేసు జాలిపడ్డాడు. చెబుదామని నోరు తెరిచాడు. ఈ తెర ఆయనకు ఏనాడు వెలిగిందని అప్పుడు తట్టింది.

తాత హెడ్‌ఫోన్స్ తీసి, తడుముకుని, ఓబులేసు తలకు తగిలించాడు. ఒక మీట నొక్కాడు.

ఎత్తుపల్లాలు లేని గొంతు ఒకటి గబగబా చదువుతోంది. "పాటలు. తాత వినడానికి. టైపు చేసింది దస్తగిరి."

ఓబులేసుకు ఒళ్ళు ఝల్లుమంది. లోపల అంతా నడుస్తోంది!

"ఇది ఎప్పట్నుంచి మాట్లాడతాంది తాతా?"

"నువ్వు కార్డు బిగిచ్చినప్పుడల్లా మాట్లాడతానే ఉండింటాది. మేకుకు తగిలిచ్చింటే ఎవరికి వినపడతాది?"

"మరి నాకెందుకు కనపడదు?"

తాత ముందుకు వంగాడు. మానిటర్ వెనక చెయ్యి పెట్టి లావుపాటి వైరును పట్టుకున్నాడు. చీమ పాకినట్టు వేళ్ళు దాని వెంటే నిదానంగా వెళ్ళాయి. బల్ల దిగాయి, పెట్టె వెనక్కి తిరిగాయి, ఎర్ర దారం దాటి, ఎర్ర చుక్క పక్కన ఆగాయి. అక్కడ కాస్త దుమ్ము ఉంటే బొటనవేలితో తుడిచాడు. తర్వాత చెయ్యి ఇంకా కిందికి దిగింది.

"ఈడ ఏందో మెత్తమెత్తగా తగులుతాంది. ఇవేంటివి ఓబులేసూ?"

ఓబులేసు వంగి చూశాడు. "రబ్బరు మూతలు తాతా. కొత్త కార్డు కదా, మానిటర్ వైరు దూర్చే కన్నాల్లోకి దుమ్ము పోకుండా కంపెనీ వాళ్ళే..."

కొత్త కార్డు బిగించాక బొమ్మ వచ్చేది ఈ కన్నాల్లోంచే, ఎర్ర చుక్క ఉన్న పాత దాంట్లోంచి కాదని గుర్తొచ్చింది.

తాత చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఓబులేసు మోకాళ్ళ మీద కూర్చుని పాత చోటినుంచి వైరు లాగాడు. కొత్త కార్డుకున్న మూతల్లో ఒకటి పీకి, అక్కడ గుచ్చాడు. తెర తెల్లవారినట్టు వెలిగింది. దాని మధ్యలో దస్తగిరి పేరు ఉంది.

"వచ్చింది తాతా," అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు.

"ఎక్కడి వైరు అక్కడే పెట్టినావు నాయనా," అన్నాడు తాత. ఎగతాళి చేసినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టే అన్నాడు. ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. ఏ చూపూ లేని ఆ చేతుల్ని అతను అప్పుడు చూసిన చూపు, దేవుణ్ణి చూసే చూపే.

తాత తల ఒక పక్కకు వాల్చాడు.

"మలుపు దగ్గర బస్సు హారన్ కొడతాంది. నీకు వినపడతాందా?"

ఓబులేసుకు ఇంకా వినపడలేదు. వినపడేదాకా ఆగలేదు కూడా. చెప్పులు వరసలోనే ఉన్నాయి, వాటికోసం చూసుకోకుండా ఎర్రటి ఎండలో కంకర రోడ్డు మీద వట్టికాళ్ళతో పరుగెత్తాడు. అతను చేరేసరికి బస్సు ఆగి ఉంది. దస్తగిరి ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"అన్నా!"

దస్తగిరి వెనక్కి తిరిగాడు.

"కార్డు బాగుంది. తప్పు నాది. ఆ సంచి ఇట్లా ఇయ్యన్నా."

దస్తగిరి అతని మొహం వంకా, బొబ్బలెక్కుతున్న కాళ్ళ వంకా చూశాడు. కండక్టర్ ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఇద్దరూ మఠానికి వచ్చేసరికి తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఓబులేసు వాళ్ళందరి ముందూ దస్తగిరి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, దస్తగిరి భుజాలు పట్టుకుని లేపేశాడు.

"ఓబులేసూ, అడుగు బరువుగా పడతాందే. ఏం మోస్తాండావు?" అన్నాడు తాత.

"అన్న సంచి తాతా."

"యాడ పెట్టల్లో తెలుసునా?"

"ఎక్కడిది అక్కడ, తాతా," అని ఓబులేసు లోపలికి వెళ్ళి, ఖాళీగా ఉన్న దస్తగిరి మేకుకు సంచి తగిలించాడు.