ఉప్పుకాలువలో నక్క తాడు

“తెగిందర్రోయ్! గవర్రాజు తాడు తెగిపోయింది!”

బొరియల వీధి చివర్నుంచి ఎండ్రకాయ పెట్టిన కేకకి నీటికుక్క సింగారి గబుక్కున బయటికొచ్చింది. మొన్నటి కాన్పు పిల్లలు నత్తలు తినే పెరిగాయి పాపం! ఈ కాన్పు పిల్లలకైనా చేపముక్క దొరుకుతుందా అన్నదే దాని బెంగ.

సంగతేంటంటే, నక్క గవర్రాజు ఎక్కణ్నుంచో నైలాన్ వలా తాడూ ఈడ్చుకొచ్చి ఏటిపాయకి అడ్డంగా బిగించాడు. చేపలన్నీ వల వెనకాలే.

“తాడు దానంతటది తెగితే చేపలు అందరివీ. ఎవరి పన్ను తగిలినా ఎప్పటికీ నావే!” అని పందెం వేశాడు.

తాబేలు పైడితాత తలూపాడు. “సరే మనవడా. కానీ ఉప్పుమళ్ళ కాలువ వచ్చి పడేచోటికి మార్చి కట్టుకో. మళ్ళలో ఎండకి కాగిన ఆ వేడినీళ్ళలోకి ఏ దొంగా దిగడు.”

నక్క మురిసిపోయి అక్కడికే మార్చి కట్టాడు. ఎండలొచ్చాయి, వానలొచ్చాయి, మళ్ళీ ఎండలొచ్చాయి. ఇదిగో, ఇవాళ తెగింది!

“కొరికింది నువ్వే సింగారీ!” నక్క ఊగిపోతూ వచ్చాడు.

“నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు బావా! ముట్టుకుంటే ఒట్టు!”

“గాటుందేమో నువ్వే చూసుకో,” అన్నాడు తాత.

నక్క తాడు పట్టుకున్నాడో లేదో, పాత అప్పడంలా చేతిలోనే పొడైపోయింది.

“నైలాన్ కుళ్ళదుగా తాతా!”

“కుళ్ళలేదురా. అందులో కంటికి ఆనని గొలుసులుంటాయి. నీరు సందుల్లో దూరి ఒక్కో కొక్కీ విప్పుకుంటూ పోతుంది. వేడి తోడైతే మరీ చురుగ్గా విప్పుతుంది, ఎండ కూడా ఓ చెయ్యి వేస్తుంది. చిన్నప్పుడు నా మెడకి పడ్డ వలముక్క ఇక్కడే ఊడిందిలే!”

సింగారి ఏటికేసి నోరెళ్ళబెట్టి చూసింది. “ఊరికే పారుతోందనుకున్నానమ్మా! పన్నులేదు, గోరులేదు, ఎంత పని చేసిందీ!”

పిల్లలు చేపల మీదకి దూకబోయాయి.

“ఆగండర్రా!” తాత గద్దించాడు. “తెగిందేగానీ మాయమవలేదు. ఆ తాడు పొడిని చేపలు మింగితే రేపు మన కడుపులోకే. ముందు ఏరండి!”

అందరూ ఏరారు. తోక ముడుచుకుని నక్కా ఏరాడు. పని అయ్యాక ఓ మూల నిలబడ్డాడు.

“ఏం బావా, పిలుపు కావాలా? రా, కూర్చో,” అంది సింగారి, పెద్ద జెల్లచేప ముందుకి తోస్తూ.

అందరూ ఒకే వరసలో కూర్చుని కడుపునిండా తిన్నారు.

ఆత్రపడే పన్నుకి లొంగనిది ఓపికున్న నీటికి లొంగుతుంది.