మాంత్రికుడి మూర

ఎన్ని తరాల కిందటి మాటో గానీ, రత్నగిరి రాజుకు ముగ్గురు కొడుకులు ఉండేవారు. ఏడు సముద్రాల అవతల కరాళదంతుడనే మాంత్రికుడు రాకుమారి హేమవల్లిని ఎత్తుకుపోయాడని తెలిసి, ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడోవాడు చిత్రధ్వజుడు బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"రాకుమారా, జాగ్రత్త!" అంది తాబేలు. "మాంత్రికుడి ప్రాణం పాడునూతిలో వేలాడే పంజరంలోని చిలుకలో ఉంది. ఏడు గజాల లోతున దాచానని వాడే గొప్పలు చెబుతుంటే విన్నాను. మెల్లగా దిగితే చిలుక అరుస్తుంది. నడుముకు తాడు కట్టుకుని ఒక్క దూకు దూకాలి. మీ పెద్దన్న తాడు చాలక పైనే ఆగిపోయాడు. చిన్నన్న తాడు ఎక్కువై అడుగునున్న విషపు నీళ్ళలో పడ్డాడు. వాడు ఇద్దరినీ రాళ్ళుగా మార్చి నూతి గట్టు మీద పెట్టాడు."

చిత్రధ్వజుడు తాటినారతో తాడు పేనాడు. గజానికి రెండు మూరలు, ఏడు గజాలకు పద్నాలుగు మూరలు. మోచేతి నుంచి వేలికొస దాకా పెట్టి కొలవబోయి, చటుక్కున ఆగాడు.

"మూర సరే, ఎవరి మూర? గజం చెప్పింది వాడు కదా!"

మిట్టమధ్యాహ్నం మాంత్రికుడు గుర్రుపెట్టి నిద్రపోతుంటే, చప్పుడు కాకుండా హేమవల్లి ఉన్న గది కిటికీ దగ్గరకు పాకాడు.

"వాడి చెయ్యి ఎంత పొడుగో తెలుసా, రాకుమారీ?"

"తెలియకేం! మోచేతి దాకా వచ్చే తొడుగులు నాచేతే కుట్టిస్తాడు. అక్కణ్ణుంచి వేలికొస దాకా నా జానలు మూడు!"

"మూరకు మూడు జానలు, గజానికి ఆరు. ఏడు గజాలకు నలభై రెండు!"

హేమవల్లి చెయ్యి బయటికి చాచి, వేళ్ళు బారజాపి తాడును చకచకా కొలిచింది. ముడులకు వేరే వదిలింది. చిత్రధ్వజుడు నూతి దగ్గరికి వెళ్ళి, తాడు ఒక కొసను రాతిస్తంభానికి, ఇంకో కొసను నడుముకు కట్టి, కళ్ళు మూసుకుని దూకేశాడు!

గాలి చెవుల్లో హోరుమంది. నడుము జివ్వుమని లాగింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా పంజరం! విషపు నీళ్ళు పాదాల కింద బుసబుసలాడుతున్నాయి.

చిలుక కెవ్వుమంది. పైన నేల అదిరింది. "ఒరేయ్, వదలరా! రాజ్యం ఇస్తాను, వదలరా!" అని అరుస్తూ మాంత్రికుడు నూతిలోకి వంగాడు.

"మా అన్నలను ఇయ్యి!" అంటూ చిత్రధ్వజుడు చిలుక మెడ విరిచాడు. కరాళదంతుడు కొండ విరిగిపడ్డట్టు కూలిపోయాడు.

మరుక్షణం తాడు పైకి కదిలింది. లాగుతున్నది ఎవరా అని చూస్తే అన్నలిద్దరూ! ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, కిటికీ ఊచలు పీకేశారు.

హేమవల్లి తండ్రికి కొడుకులు లేరు. ఆమెను చిత్రధ్వజుడికిచ్చి పెళ్ళి చేసి, రాజ్యం వాళ్ళిద్దరికీ అప్పజెప్పాడు. అంగట్లో ఒక్కొక్కరిది ఒక్కో గజమై జనం కొట్టుకుంటుంటే, కొత్త రాజు ఇనుప కడ్డీ తెప్పించాడు. నిండు సభలో రాణి దాని మీద వేళ్ళు బారజాపి నాలుగు జానలు కొలిచింది. ఆ దేశంలో గజమంటే అదే. దానితో కొలిచిన కోకలు కట్టుకుని, పిల్లాపాపలతో వాళ్ళు చల్లగా ఏలుకున్నారు.